షుగరుతో పాటు మోసుకెళ్లే రంది

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు షుగరున్న మనిషిని అది ఎట్లా వచ్చిందని అడిగితే రెండు జవాబులు ఎక్కువగా వినిపిస్తాయి. తీపి తిన్నందుకు వచ్చిందని కొందరంటారు. "రందితోని వచ్చింది" అని ఇంకొందరంటారు. రంది అంటే దిగులు, బెంగ, రాత్రి నిద్ర పట్టనివ్వని ఆలోచన, అన్నీ కలిసిన మాట. బిడ్డ పెళ్లికి చేసిన అప్పు రంది, ఎండిపోయిన బోరు రంది, ఊరు విడిచిపోయిన కొడుకు రంది. దవాఖానలో ఈ జవాబు చెబితే అది చీటీ మీదికి ఎక్కదు. అక్కడికి ఎక్కేవి అంకెలే. పరగడుపున ఇంత, తిన్నాక ఇంత.

వైద్యశాస్త్రానికి ఈ మాట కొత్తదేమీ కాదు. షుగరు రోగి మూత్రం తేనెలా తియ్యగా ఉంటుందని 17వ శతాబ్దంలో రాసిన ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్, ఎడతెగని దుఃఖం కూడా ఈ జబ్బుకు కారణమని నమ్మాడు. తర్వాతి కాలంలో చూపంతా క్లోమం మీదికి మళ్లింది. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరు చేశారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల బాలుడికి మొదటిసారి ఆ సూది ఇచ్చారు. అప్పటిదాకా చావు తప్పని జబ్బు, మందుతో బతకగల జబ్బు అయింది. అది మనిషి సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. ఆ వెలుగులో దుఃఖం సంగతి మాత్రం మరుగున పడిపోయింది. గత ముప్ఫై ఏళ్లుగా పరిశోధకులు దాన్ని మళ్లీ వెతికి పట్టుకుంటున్నారు.

పాలమూరు వైపు నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ పులులున్న చోటు కాబట్టి రందికీ చక్కెరకూ ఉన్న లంకెను పులితోనే చెప్పుకోవచ్చు. నల్లమలలో పశువుల వెంట తిరిగే మనిషికి పొదల్లో పులి అలికిడి వినిపించిందనుకుందాం. క్షణంలో ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. గుండె దడదడలాడుతుంది. కాలేయం తాను దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది. పరుగెత్తే కాళ్లకు అది కావాలి. ఆ వెనకే కార్టిసాల్ అనే హార్మోను వస్తుంది. కాలేయం చేత కొత్తగా చక్కెర తయారు చేయిస్తుంది, ఇన్సులిన్ మాట కండరాలు సరిగా వినకుండా చేస్తుంది. పులి తన దారిన తాను పోతే ఇదంతా కాసేపట్లో సర్దుకుంటుంది. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అట్లా పోదు. అది పొద్దున లేస్తే గుర్తుకొస్తుంది, పడుకుంటే గుర్తుకొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి క్లోమం కొంచెం ఎక్కువ ఇన్సులిన్ తీసి ఆ భారం మోస్తుంది. షుగరున్న మనిషి క్లోమానికి ఆ సత్తువ ఉండదు. అందుకే గోలీ మారకపోయినా, తిండి మారకపోయినా, అప్పులవాడు ఇంటికొచ్చిన వారంలో అంకె పెరిగి కనిపిస్తుంది.

రంది ఒక్కటే షుగరు తెప్పిస్తుందని దీని అర్థం కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది, నడుం చుట్టూ చేరే కొవ్వు, వయసు, తిండి, కదలిక, ఇవన్నీ ఉన్నాయి. అయితే 2008లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో కుంగుబాటు ఉన్నవాళ్లకు తర్వాత షుగరు వచ్చే అవకాశం దాదాపు 60 శాతం ఎక్కువని తేలింది. షుగరున్నవాళ్లకు తర్వాత కుంగుబాటు వచ్చే అవకాశం సుమారు 15 శాతం ఎక్కువ. దారి రెండు వైపులా ఉంది. "రందితోని వచ్చింది" అన్న ముసలాయన మాటలో సగం నిజముంది, ఆ సగాన్ని మనం ఇంతకాలం వినలేదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. కుంగుబాటు ఒక జబ్బు, దానికి వేరే వైద్యం ఉంది. షుగరుతో బతికే మనిషికి కుంగుబాటు లేకపోయినా ఇంకో రకం బరువు ఉంటుంది. రోజూ గోలీలు, రోజూ పథ్యం, కాలికి చిన్న దెబ్బ తగిలితే భయం, కళ్లు మసకగా కనిపిస్తే భయం, పెళ్లి విందులో ఎవరో ఒకరు "నీకు షుగరు కదా" అని గుర్తు చేయడం. విసుగు, భయం, తప్పు చేస్తున్నానన్న బాధ కలిసి మనిషిని అలసిపోయేలా చేస్తాయి. అమెరికాలోని బోస్టన్‌లో జోస్లిన్ మధుమేహ కేంద్రంలో మనస్తత్వవేత్త విలియం పొలాన్‌స్కీ బృందం 1995లో కొన్ని ప్రశ్నలతో ఈ బరువును కొలిచే పద్ధతి ఒకటి తయారు చేసింది. 2005లో 17 ప్రశ్నల ఇంకో కొలత వచ్చింది. అందులో నాలుగు రకాల బరువుల గురించి అడుగుతారు. జబ్బు మోపిన మనసు భారం, డాక్టరుతో వచ్చే ఇబ్బంది, రోజువారీ నియమాల ఇబ్బంది, అయినవాళ్లతో వచ్చే ఇబ్బంది. నాలుగోది తెలుగు ఇళ్లలో ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

ఈ నాలుగో బరువును ఊరు విడిచిపోయినవాళ్లలో శ్రద్ధగా చూసిన పరిశోధన ఒకటి అమ్రాబాద్‌కు ఎంతో దూరంలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. అక్కడి చైనీయుల వాడ ఆ దేశంలోనే పాతది. చైనా కూలీలను రానివ్వకుండా 1882లో అమెరికా చట్టం చేసింది. అది 1943 దాకా అమల్లో ఉంది. ఆ తర్వాత వచ్చి స్థిరపడిన చైనీయుల్లో షుగరున్నవాళ్లను, వాళ్ల భార్యలను, భర్తలను నర్సింగ్ ఆచార్యురాలు కాథరిన్ చెస్లా, మనస్తత్వవేత్త కెవిన్ చున్ ఏళ్ల తరబడి కలిసి మాట్లాడారు. వాళ్ల భాషలోనే మాట్లాడించారు. బయటపడిన సంగతులు చూస్తే మన ఇళ్ల గురించే రాసినట్టుంటుంది.

చైనా భాషలో 'ఫాన్' అనే మాటకు వండిన అన్నమనీ అర్థం, భోజనమనీ అర్థం. తెలుగులో 'అన్నం'కు కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. వాళ్లలో పెద్దవాళ్లు ఎదురుపడితే పలకరింపుగా "అన్నం తిన్నావా?" అనే అడుగుతారు. పాలమూరులో అదే "బువ్వ తిన్నవా?" అంత దగ్గరి మాటను డాక్టరు ఒక్కసారిగా శత్రువుగా చూపిస్తాడు. అన్నం తగ్గించు, గిన్నెలో మూడోవంతే తిను. శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయులకు అది తిండి సలహాలా వినిపించలేదు. కుటుంబమంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే కూర పంచుకుని తినే ఇంట్లో ఒక మనిషి వేరుగా తినాలంటే ఆ బల్ల నుంచి లేచిపోయినట్టే అనిపించింది. తన కోసం అందరి తిండి మార్చమని అడగడానికి మనసొప్పదు. వండిన ఆవిడ ప్రేమతో వడ్డిస్తే వద్దనడానికీ మనసొప్పదు. ఇంట్లో మాట పట్టింపు రాకూడదని కొందరు మాట్లాడకుండా తినేశారు. కొన్ని ఇళ్లలో భార్యాభర్తలు తిండి దగ్గర పోట్లాడుకున్నారు. కొన్ని ఇళ్లలో ఎవరూ ఏమీ అనకుండా అందరి వంటా కొంచెం కొంచెంగా మారిపోయింది. ఆ చివరి ఇళ్లలో రోగి మనసు కాస్త తేలికగా ఉంది.

2011లో అచ్చయిన ఇంకో వ్యాసంలో చెస్లా, చున్ మరో సంగతి చెప్పారు. పరాయి దేశానికి వచ్చినవాళ్లకు షుగరు చూసుకోవడమంటే మూడు పనులు. అక్కడి వైద్యం ఎట్లా అందుతుందో నేర్చుకోవాలి. ఇంట్లో తన స్థానం, బంధాలు నిలుపుకోవాలి. తనవాళ్లంటూ నలుగురిని సంపాదించుకుని ఆ ఊళ్లో కాలు నిలదొక్కుకోవాలి. ఈ మూడోది డాక్టరు చీటీలో ఉండదు. మనసుకు మాత్రం అదే పెద్ద మందు. ఆ తర్వాత వాళ్లు అక్కడి చైనీయుల సంస్థలతో కలిసి, గొడవ పడకుండా మనసులో మాట ఎట్లా చెప్పాలో, ఇంట్లోవాళ్ల సాయం ఎట్లా అడగాలో నేర్పే తరగతులు తయారు చేశారు.

చైనీయులకూ మనకూ ఒంటి తీరులో కూడా కొంత పోలిక ఉంది. పైకి సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు చేరే ఒళ్లు. అందుకే అమెరికా మధుమేహ సంఘం 2015లో ఆసియా మూలాలున్నవాళ్లకు బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతన్న లెక్క) 23 చేరగానే పరీక్ష చేయాలని చెప్పింది. మిగతావాళ్లకు ఆ గీత 25. అమెరికాలో ఉంటున్న భారత ఉపఖండం వాళ్ల మీద జరిగిన మసాలా అనే అధ్యయనం, 2014లో తన లెక్కలను ఇతర జాతుల లెక్కలతో పోల్చింది. మనవాళ్లలో షుగరు 23 శాతం, చైనీయుల్లో 13 శాతం, తెల్లవాళ్లలో 6 శాతం. డాలస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో కోడలి కాన్పుకని ఆరు నెలలు వెళ్లే తెలుగు తల్లులు పెట్టె నిండా గోలీల పట్టీలు తీసుకుపోతారు. అక్కడ పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు. కారు లేకుండా గుమ్మం దాటలేరు. ఊళ్లో పొద్దున్నే చేసే నడక ఉండదు, పక్కింటి పలకరింపు ఉండదు. షుగరు పెరిగితే "అమ్మా, తీపి తిన్నావా?" అని కొడుకు అడుగుతాడు. తినలేదని ఆమె చెబుతుంది. ఆమె చెప్పేది చాలాసార్లు నిజమే.

వలస ఒంటిని ఎట్లా మారుస్తుందో మన దేశంలోనే పెద్ద ఎత్తున లెక్క కట్టారు. హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నోలలోని పెద్ద కర్మాగారాల్లో పని చేసేవాళ్లను, పల్లెల్లోనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు కనుక వంశం తేడా చాలావరకు తొలగిపోతుంది. ఆరున్నర వేల మందిని పరీక్షించిన ఈ అధ్యయనం 2010లో అచ్చయింది. పల్లెలో ఉన్న మగవాళ్లలో షుగరు 6.2 శాతం. ఊరొదిలి పట్నం చేరినవాళ్లలో 14.3. పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్లలో 13.5. ఊరి దారి దాటిన అన్నకు తమ్ముడికంటే రెండింతలు. అయితే వీళ్లు నెల జీతాలున్న కర్మాగారం ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలవాళ్లు. అమ్రాబాద్ నుంచి పోయేది వేరే రకం వలస.

అమ్రాబాద్, పదర, అచ్చంపేట మండలాల తండాలు, పల్లెల నుంచి హైదరాబాద్‌కు, పుణేకు, ముంబైకి పోవడం తరాలుగా సాగుతున్న బతుకు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలో ఆనకట్టలు కట్టిన చాలా చోట్ల తెలుసు. ముంబైలో కామాఠీపుర అనే పేటకు ఆ పేరు తెలుగు నేల నుంచి పోయిన కామాటీ కూలీల వల్లే వచ్చింది. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత అప్పుకో, దవాఖాన ఖర్చుకో పోతుంది. తర్వాత ఆలుమగలు ఇద్దరూ వెళ్లి నెలల తరబడి పని చేసి దాన్ని తీర్చాలి. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. 2016లో మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలు చేశారు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు కొన్ని మండలాలకు వచ్చాయి. నీళ్లు చేరిన చోట కొందరు ఊళ్లలోనే నిలబడ్డారు. పీఠభూమి మీద ఉన్న అమ్రాబాద్‌లో ఇప్పటికీ చేలు వాన మీదే ఎక్కువగా ఆధారపడతాయి, బస్సెక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు.

వీళ్లలో షుగరున్న మనిషి దినచర్యను ఊహించడానికి పెద్ద కల్పన అక్కర్లేదు. ప్రభుత్వ దవాఖానలో నెలకు సరిపడా గోలీలు ఇస్తారు. పని మూడు నెలలు, నాలుగు నెలలు. రెండో నెలకు గోలీలు అయిపోతాయి. పుణేలో ఏ దవాఖానకు పోవాలో తెలియదు, మరాఠీ రాదు, ఒక పూట పోతే కూలి పోతుంది. మెట్‌ఫార్మిన్ మొదట్లో కొందరికి విరేచనాలు పట్టిస్తుంది. కట్టడం సాగే చోట ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు. షుగరు ఎక్కువైతే మాటిమాటికీ మూత్రం వస్తుంది. అందుకని వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, లేదా గోలీ మానేస్తారు. దీన్ని దవాఖానలో నిర్లక్ష్యం అంటారు. నిజానికి అది పరువు కాపాడుకునే ప్రయత్నం. మరుగుదొడ్డి కట్టించని కంట్రాక్టరును ఎవరూ నిర్లక్ష్యం చేశాడనరు.

తక్కువ షుగరు సంగతి ఇంకా భయపెడుతుంది. గ్లిమిపిరైడ్ వంటి గోలీ వేసుకుని, పొద్దున్నే ఏమీ తినకుండా సిమెంటు తట్టలు మోస్తే రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడ, మాట తడబాటు. చూసేవాళ్లకు తాగినట్టు కనిపిస్తాడు. లోపల ఆ మనిషికి మాత్రం చచ్చిపోతున్నట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ క్షణంలో పొంగే అడ్రినలిన్ పులి ఎదురైనప్పుడు పొంగేదే. ఒకసారి ఈ అనుభవం అయినవాళ్లు మళ్లీ రాకూడదని గోలీలు తగ్గించుకుంటారు, లేదా బెల్లం ముక్కో గ్లూకోజు బిస్కెట్టో ఎక్కువగా తింటారు. చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడనూ, ఆందోళనతో వచ్చే దడనూ వేరు చేయడం చదువుకున్నవాళ్లకే కష్టం. గ్లూకోమీటరు లేని రేకుల షెడ్డులో అది ఇంకా కష్టం. ఇట్లాంటప్పుడు ముందు కాస్త చక్కెర నోట్లో వేసుకోవడమే మంచిదని డాక్టర్లు చెబుతారు, ఆ మాట గోలీ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

ఇంకా కొన్ని భయాలు నోటి వెంట రావు. షుగరుందని తెలిస్తే మేస్త్రీ గుంపులోకి తీసుకోడేమోనన్న భయం. మగవాళ్లలో కొందరికి షుగరు వల్ల వచ్చే మగతనపు ఇబ్బంది, ఆ సిగ్గు భార్యతో కూడా చెప్పుకోలేనిది. కొడుకు పెళ్లి సంబంధం చూస్తున్నప్పుడు ఇంట్లో షుగరుందని బయటపడకూడదన్న జాగ్రత్త. "సూదికి వచ్చిందంటే ఇగ అయిపోయినట్టే" అన్న మాట, ఇన్సులిన్ మొదలు పెట్టడాన్ని చావు చీటీలా చూసే నమ్మకం. శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయుల్లో కూడా ఇన్సులిన్ మీద ఇటువంటి భయమే కనిపించింది. నిజానికి షుగరు ఏళ్లు గడిచేకొద్దీ క్లోమం అలసిపోవడం సహజం, అప్పుడు సూది అవసరం కావడం రోగి తప్పు కాదు. ఈ ఒక్క మాట డాక్టరు నోటి నుంచి వస్తే ఎంతో బరువు దిగుతుంది.

సూది వాడేవాళ్లకు ఫ్రిజ్ లేదన్న దిగులుకు ఒక మంచి కబురుంది. కెన్యాలోని దాదాబ్ శరణార్థి శిబిరంలో పని చేసే ఎంఎస్ఎఫ్ అనే వైద్య సేవా సంస్థ డాక్టర్లు, జెనీవా విశ్వవిద్యాలయంతో కలిసి 2021లో ఒక ఫలితం ప్రకటించారు. శిబిరంలో ఉండేట్టు 25 నుంచి 37 డిగ్రీల మధ్య వేడి మారుతూ ఉన్నా, వాడకంలోకి తీసుకున్న ఇన్సులిన్ నాలుగు వారాలు సత్తువ కోల్పోలేదు. ఎండ తగలని చోట, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ ఆ వేడిని ఇంకా తగ్గిస్తుంది. నల్లమల వేసవిలో నలభై దాటే రోజుల్లో మాత్రం కుండ తప్పనిసరి. రేకుల షెడ్డు కప్పు కింద సీసాను వేలాడదీయకూడదు.

ఊరు విడవకపోయినా తిండి తమను విడిచిపోయినవాళ్లు కూడా ఈ కథలో ఉన్నారు. అమ్రాబాద్ చుట్టూ ఒకప్పుడు జొన్న రొట్టె, జొన్న గటక, అంబలి తిన్నవాళ్లు కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చాక మెల్లగా అన్నానికి మారారు. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ 21 దేశాల్లో లక్షా ముప్ఫై వేల మందిని చూసి 2020లో అచ్చయిన అధ్యయనంలో, రోజుకు 450 గ్రాములకు మించి తెల్ల అన్నం తినేవాళ్లకు షుగరు ముప్పు దక్షిణాసియాలోనే అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. చైనాలో అంత తేడా కనిపించలేదు. కారణం కంచంలో అన్నంతో పాటు ఏముందనే దానిలో కొంత ఉండొచ్చు. పప్పు, కూర, గుడ్డు తక్కువై అన్నం గుట్టగా ఉండే కంచం పేదవాడి కంచం. నల్లమల అడవిలో చెంచు గిరిజనుల పెంటల్లో (గూడేల్లో) తేనె, అడవి గడ్డలు, వేట తగ్గి రేషన్ బియ్యం నిండింది. పులుల అభయారణ్యం నడిబొడ్డున ఉన్న కొన్ని పెంటలను బయటికి తరలించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అడవి విడిచి వచ్చే మనిషికి ఇల్లు, డబ్బు లెక్క కట్టినట్టే రంది లెక్క కూడా కట్టాలి. కొత్త చోటి డాక్టరు దగ్గర ఆ లెక్క మొదటి రోజు నుంచి ఉండాలి.

ఇదంతా నయం చేయలేని దుఃఖమా? కాదని చెప్పే గట్టి ఆధారం తెలుగు నేల నుంచే వచ్చింది. విశాఖపట్నంలో వైద్యుడు జి.ఆర్. శ్రీధర్, ఆంధ్ర విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు కె. మధు కలిసి, షుగరున్నవాళ్ల మనసు, కుటుంబం, సంస్కృతి గురించి చాలా ఏళ్ల నుంచే రాస్తూ వచ్చారు. తర్వాత విశాఖ, చెన్నై, బెంగళూరు, ఢిల్లీలలోని నాలుగు కేంద్రాల్లో ఒక పరీక్ష జరిగింది. దాని ఫలితం 2020లో జామా అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. షుగరు జబ్బుండి, చక్కెరో, బీపీనో, కొలెస్ట్రాలో అదుపులో లేక, దానికి తోడు కుంగుబాటు కూడా ఉన్న 404 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టులో ప్రతి రోగికీ ఒక సహాయకుడు ఉన్నాడు, డాక్టరు కాని మనిషి. ఆయన రోగితో క్రమం తప్పకుండా మాట్లాడేవాడు, మనసు ఎట్లా ఉందో అడిగేవాడు, మందులు వేసుకోవడానికి అడ్డం ఏమిటో కనుక్కునేవాడు. ఆ వివరాలన్నీ మనోవైద్యుడూ షుగరు వైద్యుడూ కూర్చుని చూసేవాళ్లు. రెండేళ్ల తర్వాత కుంగుబాటు సగానికి తగ్గి, దానితో పాటు షుగరో, బీపీనో, కొలెస్ట్రాలో చెప్పుకోదగ్గంత దిగినవాళ్లు రెండో జట్టులో 71.6 శాతం, మొదటి జట్టులో 57.4 శాతం.

ఇందులో కొత్త మందేమీ లేదు. మాట్లాడే ఒక మనిషి, ఆ మాటను వినే ఇద్దరు డాక్టర్లు. నల్లమల పల్లెలకు ఇది అందని పండు కాదు, ఎందుకంటే ఆ మనిషి ప్రతి ఊళ్లో ఇప్పటికే ఉంది. ఆమె ఆశా కార్యకర్త.

ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి దగ్గరికీ ఆమె ఒక ఫారం తీసుకుని పోతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుం కొలత, ఇంట్లో షుగరు బీపీ ఉన్నాయా అని అడుగుతుంది. ఆ ఫారం చివరి భాగంలో రెండు ప్రశ్నలున్నాయి. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? ఎన్ని రోజులు అట్లా ఉందన్న దాన్ని బట్టి మార్కులు వేసి, మూడు దాటితే పై వైద్యుడి దగ్గరికి పంపాలి. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరుందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో లెక్క చెప్పింది. అంత మందిలో రంది ఎవరికి ఉందో కనిపెట్టే తలుపు ఈ రెండు ప్రశ్నలే. ఇంటి వాకిట్లో పదిమంది ముందు, తొందరలో చదివేస్తే ఎవరూ నిజం చెప్పరు. "ఆశ లేనట్టుగా అనిపించిందా" అన్న పుస్తకం భాషకు తండాలో జవాబు రాదు. "ఏం రంది ఉన్నదవ్వా?" అని పక్కన కూర్చుని అడిగితే వస్తుంది. లంబాడీలో అడగాల్సిన చోట లంబాడీలో అడగాలి.

వలస పోయే ముందు మూడు నెలల గోలీలు ఒకేసారి ఇవ్వడం, చీటీ మీద మందు పేరు అక్కడి డాక్టరుకు అర్థమయ్యేలా రాసివ్వడం, వచ్చాక హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయడం, ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు. ఎర్ర రక్తకణం సుమారు నాలుగు నెలలు బతుకుతుంది కాబట్టి ఆ పరీక్ష గత రెండు మూడు నెలల చక్కెర కథ మొత్తం చెబుతుంది. పుణేలో గడిచిన ఒక విడత పని, ఒక్క రక్తపు చుక్కలో కనిపిస్తుంది. ఆ అంకె ఎక్కువ వచ్చినప్పుడు తిట్టకుండా, అక్కడ ఎట్లా గడిచిందని ఒక్క మాట అడిగే డాక్టరు దగ్గరికి ఆ మనిషి మళ్లీ వస్తాడు. తిట్టిన డాక్టరు దగ్గరికి రాడు.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. చీకటి పడ్డాక అమ్రాబాద్ నుంచి పట్నానికి, పట్నం నుంచి అమ్రాబాద్‌కు ఫోన్లు పోతుంటాయి. బువ్వ తిన్నవా, గోలీ ఏసుకున్నవా, పైసలు పంపినవా. ఈ మూడూ అవసరమైనవే. వాటికి ముందు ఇంకొకటి అడగండి: పానం ఎట్లున్నది, మనసు ఎట్లున్నది? జవాబు వెంటనే రాకపోవచ్చు. మరుసటి రోజు మళ్లీ అడగండి. రెండు వారాలు దాటినా నిద్ర లేక, దేని మీదా మనసు పోక, బతకడం ఎందుకన్న మాట వస్తుంటే ఆలస్యం చేయకండి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ, 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ నంబరు 14416. దేశంలో ఎక్కడి నుంచి చేసినా కలుస్తుంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.